కొత్త సాఫ్ట్‌వేర్‌కు మన ఊరి పరీక్ష



కొత్త యాప్ వచ్చిందంటే ఫోన్‌లో ఎక్కించుకుని చూసేదాకా నాకు మనసు నిలవదు. కొత్త వెబ్‌సైటు, కొత్త కీబోర్డు, చెప్పింది విని రాసిపెట్టే సాఫ్ట్‌వేర్, అడిగినదానికి జవాబిచ్చే కృత్రిమ మేధ, ఏది వచ్చినా ముందు దాన్ని తెలుగులో పలకరిస్తాను. నంద్యాల బజారులో, ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో దానికి ఏ పని చెప్పొచ్చో ఆలోచిస్తాను. ఆ ఇష్టంతోనే ఈ రోజు మీతో మూడు సంగతులు మాట్లాడాలనుకుంటున్నాను. ఈ సేవలు మన తెలుగుదాకా ఎట్లా వచ్చాయి, వాడేముందు వాటిని ఎట్లా పరీక్షించుకోవాలి, మన వైపు నుంచి వాటికి ఏం ఇవ్వాలి.

ఇది చదువుకునే పిల్లల వ్యవహారం, మాకెందుకులే అని పెద్దలు రేడియో కట్టేయొద్దు. మన నంద్యాలతో ముడిపడిన ఒక పెద్దాయన సంగతి ముందు చెబుతాను.

1991 నవంబరులో నంద్యాల లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి ఖాళీ చేసిన స్థానం అది. అప్పటికే ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు ఇక్కడ 5 లక్షల 80 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఆ ఎన్నిక సంగతి మన వైపు పెద్దవాళ్లందరికీ గుర్తే. ఆయన కంప్యూటరు సంగతి తెలిసినవాళ్లు తక్కువ. 1980ల నడుమ ఆయన రాజీవ్ గాంధీ మంత్రివర్గంలో ఉండేవారు. కంప్యూటర్ల గురించి పార్టీలోని పెద్దవాళ్లకు అర్థం కాదన్న మాట ఒకరోజు రాజీవ్ నోట ఆయన చెవిన పడింది. హైదరాబాదులో ఉన్న కుమారుడు ప్రభాకరరావుకు ఫోన్ చేసి ఒక కంప్యూటరు పంపమన్నారు. నేర్పడానికి ఒక మనిషిని పెట్టుకున్నారు. ఆ తర్వాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగానే సాధన చేశారు. కోబాల్, బేసిక్ భాషల్లో ప్రోగ్రాములు రాసేదాకా వెళ్లారు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. కేంద్ర మంత్రికి అంత తీరిక దొరికితే, మనకు రోజుకో పావుగంట దొరక్కపోదు.

ఆయన ప్రధానిగా, మన ఎంపీగా ఉన్న కాలంలోనే 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ మన దేశంలో సాధారణ జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు లాంటి మహానగరాలకే ఆ భాగ్యం. టెలిఫోను తీగ మీద సెకనుకు 9.6 కిలోబిట్ల వేగం. ఈ రోజు ఆళ్లగడ్డలో పది వేల రూపాయల ఫోన్‌కు వచ్చే 4జీ దానికి వెయ్యి రెట్లకు పైన.

వేగం పెరగడం ఒక ఎత్తు, అందులో తెలుగు కనపడడం మరో ఎత్తు. ఆ రెండోది దానంతట అది జరగలేదు. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే పట్టికలో చోటిచ్చే యూనికోడ్ తొలి రూపం 1991 అక్టోబరులో వచ్చింది, నంద్యాల ఉప ఎన్నికకు సుమారు నెల ముందు. అందులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. చోటైతే దొరికింది గానీ, ఆ చోట్లో కూర్చునే ఖతులు, టైపు చేసే పద్ధతులు రావడానికి మరో పదేళ్లు పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చింది. అమెరికాలో ఉండి తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఖతులు తయారు చేసి ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు రాసుకునే వీలు కల్పిస్తూ వీవెన్ అనే యువకుడు లేఖిని తయారుచేశాడు. వీళ్లలో ఎవరినీ ఏ ప్రభుత్వమూ పిలిచి పని అప్పజెప్పలేదు. తమ భాష తెర మీద కనపడాలన్న పట్టుదలతో చేశారు. ఈ రోజు మన అమ్మలు, అవ్వలు వాట్సాప్‌లో తెలుగు చదువుతున్నారంటే దాని వెనక వీళ్ల కష్టం ఉంది.

ఆ కష్టం ఇంకా అందని చోటు ఒకటి మన ఊళ్లోనే ఉంది. అది మన డీటీపీ సెంటరు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పంచాయితీ కాగితాలు, దేవాలయ ఉత్సవాల ఆహ్వానాలు, చిన్న చిన్న పుస్తకాలు అక్కడే టైపు అవుతాయి. చాలాచోట్ల ఇప్పటికీ పాత పేజ్‌మేకర్‌లో అను ఖతులతో పని నడుస్తుంది. ఆ ఖతుల పద్ధతి వేరు. కంప్యూటరు లోపల ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి, పైకి తెలుగు బొమ్మలు కనపడతాయి. కాగితం మీద అచ్చు చక్కగా వస్తుంది. ఆ ఫైలులోని మాటను వాట్సాప్‌లోకి తెచ్చామా, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనపడుతుంది. గూగుల్‌లో వెతికితే దొరకదు. చూపులేనివారి కోసం చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు. మన ఊళ్లలో ముప్పై ఏళ్లుగా టైపు చేసిన తెలుగంతా ఇట్లా కంప్యూటర్ల లోపల మూగగా పడి ఉంది.

డీటీపీ చేసే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నా విన్నపం. ఇప్పుడు ఇన్‌డిజైన్ కొత్త రూపాలు యూనికోడ్ తెలుగును చక్కగా పేరుస్తాయి. డబ్బు పెట్టలేమంటే స్క్రైబస్, లిబ్రేఆఫీస్ ఉచితంగా దొరుకుతాయి. మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న లాంటి అందమైన యూనికోడ్ ఖతులు ఎవరైనా వాడుకోవచ్చు. పాత అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు కూడా ఉన్నాయి. కొత్త పని యూనికోడ్‌లో మొదలుపెట్టండి, పాతదాంట్లో విలువైనది మార్చి దాచండి. ఒక స్థలపురాణమో, ఒక ఊరి చరిత్రో మీ కంప్యూటరులో ఉంటే దాన్ని కాపాడగలిగింది మీరొక్కరే.

ఇక పరీక్ష సంగతి. మన రైతు విత్తనం కొనగానే తీసుకెళ్లి పొలంలో చల్లడు. గుప్పెడు గింజలు తడిగుడ్డలో మూటగట్టి, ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టి అప్పుడు సాలు తోలతాడు. కొత్త సాఫ్ట్‌వేర్‌కైనా అంతే. నేను నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఏ కొత్త సేవ వచ్చినా వాటితోనే కొలుస్తాను.

మొదటి ప్రశ్న, ఇది తెలుగును సరిగ్గా పట్టుకుంటుందా? మీ పేరు, మీ ఊరి పేరు, ఒత్తులున్న నాలుగు మాటలు రాసి చూడండి. ఒత్తులు విడిపోతున్నాయా, అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయా చూడండి. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు కనపడేవి. 2018 ఫిబ్రవరిలో ఇంకో విచిత్రం జరిగింది. 'జ్ఞా' అనే అక్షరాన్ని ఒక తీరులో కూర్చి పంపితే ఐఫోన్లలో సందేశాల యాప్‌లు కుప్పకూలాయి. కొద్ది రోజుల్లో ఆపిల్ సంస్థ 11.2.6 సవరణ విడుదల చేసి దాన్ని సరిచేసింది. అంత ఖరీదైన ఫోన్‌ను మన ఒక్క సంయుక్తాక్షరం నిలబెట్టేసిందంటే కారణం ఒకటే. విడుదలకు ముందు తెలుగులో తగినంత పరీక్ష జరగలేదు. కాబట్టి తప్పు కనపడితే సర్దుకుపోవద్దు. యాప్‌లోనే ఫిర్యాదు పంపే చోటు ఉంటుంది, రాయండి. మనం రాయకపోతే తెలుగులో ఇబ్బంది ఉందని వాళ్లకు తెలిసే దారి లేదు.

రాయడం కంటే మాట్లాడడం సులువు గదా. 2017 ఆగస్టులో గూగుల్ తన మాటతో టైపు చేసే సదుపాయాన్ని తెలుగుకూ తెచ్చింది. కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి మాట్లాడితే రాసిపెడుతుంది. చదువు అంతగా రానివాళ్లకు, కళ్లజోడు లేనిదే అక్షరం కనపడని పెద్దలకు ఇంతకంటే మంచి సదుపాయం నాకు కనపడలేదు. పత్రికల తెలుగు మాట్లాడితే బాగా పట్టుకుంటుంది. మన సీమ యాసలో గబగబా మాట్లాడితే తడబడుతుంది. ఆ తడబాటు ఎందుకో, దాన్ని మనం ఎట్లా తగ్గించగలమో చివర్లో చెబుతాను.

రెండో ప్రశ్న, ఈ పని నేనే చేసుకోగలనా, ఇంకొకరి చేతికి ఫోన్ ఇవ్వాలా? ఈ ప్రశ్నకు మంచి జవాబిచ్చిన సేవ మనమిత్ర. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్ ద్వారా 161 సేవలతో దాన్ని మొదలుపెట్టింది. ఆ తర్వాత సేవలు పెరుగుతూ వచ్చాయి. నంబరు 95523 00009. ఫోన్‌లో దాచుకుని ఆ నంబరుకు ఒక పలకరింపు పంపితే తెలుగులో వరుసగా అడుగుతుంది. కరెంటు బిల్లు, బస్సు టికెట్టు, రకరకాల ధ్రువపత్రాలు, దేవాలయ సేవలు, పరీక్షల హాల్‌టికెట్ల వంటివి అందులో ఉన్నాయి. కొత్త యాప్ దించుకోనక్కర్లేదు, పాస్‌వర్డు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. జనం ఇప్పటికే వాడుతున్న చోటికి సేవను తీసుకురావడం అందులోని తెలివి. 2001లో ఈ-సేవ, 2011లో మీ-సేవ వచ్చినప్పుడు కౌంటరు దగ్గరికి మనం వెళ్లాల్సి వచ్చేది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలతో కౌంటరు మన వీధికి వచ్చింది. ఇప్పుడు అది చేతిలోకి వచ్చింది. భూమి ఉన్నవాళ్లు మీభూమి వెబ్‌సైటులో తమ అడంగల్, 1బీ నకలు చూసుకోవడం కూడా అలవాటు చేసుకోవాలి. పేరులో, విస్తీర్ణంలో తేడా ఉంటే రుణం కోసం బ్యాంకుకు పోయే రోజుకు ముందే బయటపడుతుంది.

ఇక్కడ ఒక్క హెచ్చరిక. ఫోన్ ఇంకొకరి చేతిలో పెట్టినప్పుడు దాంతోపాటు ఓటీపీ, బ్యాంకు ఖాతా, ఆధార్ కూడా పెడుతున్నట్టే. మీ ఇంట్లో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, వేలు మాత్రం మీదే పెట్టి నేర్చుకోండి. పెళ్లి పత్రిక పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను తెరవొద్దు. అవి పత్రికలు కావు, ఫోన్‌ను దొంగ చేతికిచ్చే సాఫ్ట్‌వేర్. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే సొమ్ము దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

మూడో ప్రశ్న, ఇది చెప్పేది నిజమా? 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. ఆ తర్వాత జెమినై, మరెన్నో వచ్చాయి. అర్జీ రాసిపెట్టమంటే రాస్తాయి, ఇంగ్లీషులో వచ్చిన బీమా కాగితాన్ని తెలుగులో విప్పి చెబుతాయి, పదో తరగతి పిల్లవాడికి లెక్క ఎక్కడ తప్పిందో చూపిస్తాయి. వీటిని చూసి నేను సంబరపడతాను. ట్యూషన్‌కు పంపలేని ఇంట్లో ఇది అడిగినన్నిసార్లు ఓపికగా చెప్పే గురువు. అదే సమయంలో, ఇవి ఎట్లా పనిచేస్తాయో తెలిసి వాడాలి. ఇంతకుముందు చదివిన కోట్ల పుటలను బట్టి, ఈ మాట తర్వాత ఏ మాట రావొచ్చో అంచనా వేసి పేర్చుకుంటూ పోతాయి. తెలిసిన సంగతినీ, తెలియని సంగతినీ ఒకే ధీమాతో చెబుతాయి.

అందుకే ముందు మీకు బాగా తెలిసిన సంగతి అడగండి. నంద్యాలవాళ్లయితే నవనందుల పేర్లు, అవి ఎక్కడెక్కడ ఉన్నాయో అడగండి. ఆళ్లగడ్డవాళ్లయితే అహోబిలంలోని నవ నారసింహుల పేర్లు అడగండి. జ్వాలా, అహోబిల, మాలోల, వరాహ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన. తొమ్మిదీ సరిగ్గా చెప్పిందా, ఒకటి వదిలేసి ఇంకొకటి కల్పించిందా లెక్కపెట్టండి. మనకు తెలిసిన చోట అది ఎంత నిలబడుతుందో చూస్తే, తెలియని చోట ఎంత నమ్మాలో మనకే ఒక అంచనా వస్తుంది.

సేద్యం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. శనగకు పచ్చపురుగు పట్టింది, ఏ మందు ఎంత కొట్టాలి అని అడిగితే ఈ సాఫ్ట్‌వేర్ ఒక మోతాదు చెప్పేస్తుంది. అది వేరే రాష్ట్రానిది కావొచ్చు, వేరే పంటది కావొచ్చు, ఇప్పుడు అమ్మకంలో లేని మందు కావొచ్చు. మనకు ఇంటి పక్కనే 1906 నుంచి నడుస్తున్న నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. నరసింహ పత్తి ఇక్కడిదే. యంత్రంతో కోయడానికి అనువుగా నిటారుగా పెరిగే ధీర శనగ, ఎన్‌బీఈజీ 47 అని పిలిచేది, ఇక్కడిదే. మన నల్లరేగడి తెలిసిన శాస్త్రవేత్తలు అక్కడున్నారు. కాబట్టి సాఫ్ట్‌వేర్‌తో ప్రశ్నను తయారు చేసుకోండి, జవాబును వాళ్ల దగ్గర ఖాయం చేసుకోండి. 1800 180 1551కి ఫోన్ చేస్తే కిసాన్ కాల్ సెంటరులో మనిషే తెలుగులో మాట్లాడతాడు. పీఎం కిసాన్ డబ్బుల గురించి అడగడానికి 2023లో వచ్చిన కిసాన్ ఈ-మిత్రలో తెలుగులోనే అడగొచ్చు.

నాలుగో ప్రశ్న, నేను ఇందులో పెట్టింది మళ్లీ నా చేతికి వస్తుందా? సామాజిక మాధ్యమాల్లో ఆర్కుట్ 2014 సెప్టెంబరులో మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడింది. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను ప్రభుత్వం నిషేధించింది. మన పల్లెల్లో పాటలు పాడి, ఆటలు ఆడి లక్షల మంది అభిమానులను సంపాదించుకున్న కళాకారుల వీడియోలు ఒక్క రాత్రిలో కనపడకుండా పోయాయి. తెలుగులోనూ రాసుకునే వీలిచ్చిన మన దేశపు కూ యాప్ 2024 జులైలో ఆగిపోయింది. ఉచితంగా దొరికే ఏ సేవా శాశ్వతం కాదు. అందుకని కొత్త సేవలో చేరేముందు, మన ఫోటోలు, రాతలు, వీడియోలు వెనక్కి దించుకునే ఏర్పాటు ఉందా అని చూడాలి. ఉన్నా, ఒక ప్రతి మన సొంత హార్డ్‌డిస్కులో పెట్టుకోవాలి.

ఈ మాట ముఖ్యంగా ఆళ్లగడ్డ శిల్పుల కోసం చెబుతున్నాను. మీ చేతిపని దేశవిదేశాల గుళ్లలో నిలిచింది. ఆళ్లగడ్డ శిల్పకళకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మీరు చెక్కిన ప్రతి విగ్రహం రాయిగా ఉన్నప్పుడు, నడిమి దశలో, పూర్తయ్యాక ఫోటోలు తీసి, కొలతలు, రాయి రకం, చెక్కిన శిల్పి పేరు, సంవత్సరం రాసి దాచండి. వాట్సాప్‌లో పంపిన ఫోటో నాణ్యత తగ్గిపోతుంది కాబట్టి అసలు ఫైలు వేరుగా ఉంచండి. ఇట్లా పదేళ్లు చేస్తే ప్రపంచంలో ఎక్కడా లేని శిల్ప భాండాగారం ఆళ్లగడ్డలో తయారవుతుంది. వేరే రాష్ట్రపు గుడి పెద్దలతో, విదేశంలోని దేవాలయ కమిటీతో ఉత్తరాలు నడపడానికి అనువాద సాఫ్ట్‌వేర్‌ను ధైర్యంగా వాడండి. మధ్యవర్తి లేకుండా మీ ధర మీరే చెప్పుకోవచ్చు. బొమ్మలు గీసే కృత్రిమ మేధ దగ్గర మాత్రం ఆగి చూడండి. చూడడానికి మిరుమిట్లు గొలిపే దేవతామూర్తిని అది క్షణంలో గీస్తుంది. ఏ చేతిలో ఏ ఆయుధం ఉండాలి, ఎత్తు కొలతల్లో ఏ మూర్తి నవతాళంలో ఉండాలి, ఏది దశతాళంలో ఉండాలి అన్న శాస్త్రం దానికి పట్టదు. ఆ లెక్క మీ వేళ్లలో ఉంది. బేరం కుదుర్చుకునే దశలో ఊహ చూపించడానికి ఆ బొమ్మ చాలు, ఉలి పట్టేటప్పుడు మీ శాస్త్రమే ప్రమాణం.

ఇప్పుడు మూడో సంగతి, మన వైపు నుంచి ఏం ఇవ్వాలి? ఈ సాఫ్ట్‌వేర్ తెలుగులో తడబడడానికి కారణం చెబుతానన్నాను గదా. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల 11 లక్షలు. హిందీ, బెంగాలీ, మరాఠీల తర్వాత నాలుగో స్థానం మనది. ఇన్ని కోట్ల మంది మాట్లాడే భాషకు ఇంటర్నెట్‌లో ఉన్న చోటు మాత్రం చాలా చిన్నది. కృత్రిమ మేధకు చదువు చెప్పడానికి ఎక్కువగా వాడే కామన్ క్రాల్ అనే పెద్ద సేకరణలో తెలుగు వాటా ఒక శాతంలో పదోవంతు కూడా లేదు. చదివింది తక్కువ, అందుకే తెలిసింది తక్కువ.

దీనికి తోడు సాంకేతికమైన చిక్కు ఒకటుంది. కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. సామాన్యంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ప్రతి గుర్తుకు మూడు బైట్లు కావాలి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో ఆరు గుర్తులున్నాయి, అంటే 18 బైట్లు. కృత్రిమ మేధ వాక్యాన్ని చిన్న ముక్కలుగా కోసి చదువుతుంది, ఎన్ని ముక్కలైతే అంత ఖర్చు, అంత ఆలస్యం. 2024 మేలో ఓపెన్ఏఐ సంస్థ కొత్త నమూనా తెచ్చినప్పుడు, మునుపు 159 ముక్కలయ్యే ఒక తెలుగు మాటల వరుస ఇప్పుడు 45 ముక్కలతో సరిపోతోందని ఉదాహరణ చూపించింది. అంటే దారి మెరుగుపడుతోంది. తెలుగు పాఠం ఎంత ఎక్కువగా, ఎంత శుభ్రంగా దొరికితే అంత తొందరగా మెరుగుపడుతుంది.

ఆ పాఠం ఇవ్వాల్సింది మనం. భారత ప్రభుత్వం 2022 జులైలో భాషిణి అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మన భాషల మధ్య అనువాదం చేసే, మాట విని రాసే, రాసింది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను అందరికీ అందుబాటులోకి తేవడం దాని పని. అందులో భాషాదాన్ అనే విభాగం ఉంది. తెర మీద కనపడే తెలుగు వాక్యాన్ని చదివి మన గొంతు ఇవ్వొచ్చు, ఎవరో చదివింది విని రాసిపెట్టొచ్చు, అనువాదం సరిచూడొచ్చు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వాణి అనే పేరుతో దేశంలోని 773 జిల్లాల ప్రజల మాటలు సేకరించే పని తలకెత్తుకుంది. ఇటువంటి సేకరణల్లో కోస్తా గొంతులు, హైదరాబాదు గొంతులు మాత్రమే ఉంటే, రేపటి సాఫ్ట్‌వేర్ మన కుందూ ఒడ్డు మనిషి మాటను ఎప్పటికీ సరిగ్గా వినలేదు. ఆళ్లగడ్డ సంతలో కూరగాయలమ్మే అక్క మాటను అది అర్థం చేసుకోవాలంటే, అట్లాంటి గొంతు దానికి ముందే వినిపించి ఉండాలి.

రాయగలిగినవాళ్లకు తెలుగు వికీపీడియా ఉంది. ఈ రోజు అందులో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. తెలుగు రాష్ట్రాల్లోని గ్రామాలకు విడివిడిగా పుటలున్నాయి. మీ ఊరి పుట తెరిచి చూడండి. జనాభా లెక్కలు తప్ప ఏమీ లేకపోతే, ఊరి చెరువు, గుడి, శాసనం, బడి పెట్టిన సంవత్సరం ఆధారాలతో చేర్చండి. ఫోటో తీసి పెట్టండి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది కాబట్టి పాత పుటల్లో కర్నూలు జిల్లా అని మిగిలిపోయిన చోట సరిచేయొచ్చు. పాత పుస్తకాలున్న ఇళ్లవాళ్లు హక్కుల కాలం తీరినవాటిని వికీసోర్సుకు అందించొచ్చు. మనిషి చదువుకోవడానికి రాసిన ఈ వ్యాసాలనే రేపు యంత్రాలూ చదువుతాయి.

నంద్యాలలోని ఇంజినీరింగు విద్యార్థులకు నా మాట ప్రత్యేకం. 1995లో, దేశానికి ఇంటర్నెట్ వచ్చిన ఏడాదే, మన ఊళ్లో రాజీవ్ గాంధీ మెమోరియల్ ఇంజినీరింగు కళాశాల మొదలైంది. తర్వాత శాంతిరామ్ లాంటివి వచ్చాయి. ఏటా ఎందరో విద్యార్థులు చివరి సంవత్సరంలో ప్రాజెక్టు చేయాలి. ఎక్కడో కొన్న ప్రాజెక్టుకు అట్ట మార్చి ఇవ్వకుండా మన ఊరి పని ఒకటి తీసుకోండి. అను ఫైళ్లను తప్పుల్లేకుండా యూనికోడ్‌లోకి మార్చే పరికరం చేయండి. మార్కెట్‌యార్డులో ఆ రోజు శనగ ధరను మాటలో అడిగితే మాటలో చెప్పేది చేయండి. ఆళ్లగడ్డ శిల్పాల జాబితాకు వెబ్‌సైటు కట్టండి. సీమ యాసలో వంద గంటల మాట సేకరించి, మాట్లాడినవాళ్ల అనుమతితో, అందరికీ ఉచితంగా ఇవ్వండి. ఉద్యోగానికి వెళ్లిన చోట మీ పనిని చూపించడానికి ఇంతకంటే మంచి పత్రం ఉండదు. తెలుగు ఖతులు, తెలుగు వికీపీడియా, లేఖిని ఇవన్నీ మీలాంటివాళ్లు మొదలుపెట్టినవే.

కొత్తది వచ్చినప్పుడు భయపడి దూరంగా జరగడం మనకు తగదు, కళ్లు మూసుకుని నమ్మడమూ తగదు. తెలుగు సరిగ్గా వస్తోందా, నా పని నేనే చేసుకోగలనా, చెప్పేది నిజమా, నేను పెట్టింది నాకు దక్కుతుందా. ఈ నాలుగు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి. నాలుగింటికీ నిలిచిన సేవను మనసారా వాడుకోండి. ఈ వారంలో ఇంట్లో ఒక పెద్దవారికి మాటతో టైపు చేయడం నేర్పండి, మీ గొంతుతో పది వాక్యాలు భాషాదాన్‌కు ఇవ్వండి, మీ ఊరి వికీపీడియా పుటలో ఒక నిజమైన వాక్యం చేర్చండి. మన మాట అందులో ఉంటేనే ఆ సాఫ్ట్‌వేర్ మనదవుతుంది.